రంగు రాని గుంట

పోయిన ఆదివారం సాయంత్రం చర్చిలో మా ల్యాబు మేడమ్ జ్ఞాపకార్థ కూడిక జరిగింది. చివర్లో పాస్టరుగారు, "ఆమెను ఎరిగినవాళ్ళు ఎవరైనా రెండు మాటలు చెప్పవచ్చు" అన్నారు. గాయక బృందంలో ఏళ్ళ తరబడి ఆవిడ పక్కన నిలబడి పాడినామె ఆవిడ గొంతు గురించి చెప్పింది. పక్కింటాయన క్రిస్మస్‌కి ఆవిడ పంచే కజ్జికాయల గురించి చెప్పాడు. మేనకోడలు నవ్వు గురించి చెప్పబోయి ఏడ్చేసింది. ఆవిడ పని గురించి ఎవరూ మాట్లాడలేదు. "ల్యాబులో చేసేది" అని మాత్రమే వాళ్ళకి తెలుసు. రక్తం తీసి దూది పెట్టే చోటు అనుకున్నారు.

నేను లేచి నిలబడ్డాను. "నాకు గట్టిగ మాట్లాడుడు నేర్పింది మేడమే. ఆమె విన్నది కాబట్టే ఒక పాప బాగుపడ్డది" అని కూర్చున్నాను. వెనక బెంచీలో ఎవరో, "ఏ పాప?" అని అడగడం వినిపించింది. జవాబు చెప్పడానికి మళ్ళీ లేవలేకపోయాను. ఇంటికొచ్చి డైరీ తెరిచాను. ఆ ప్రశ్నకి ఇదీ జవాబు.

మా ల్యాబు రాంగోపాల్‌పేట్‌లో ఒక సందులో, మోటారు పంపుల దుకాణం పైన మూడో అంతస్తులో ఉంటుంది. లిఫ్టు ఉన్నా మేడమ్ ఎక్కేవారు కాదు. ఒకసారి ఆవిడతోపాటు ఇంకో ఇద్దరు ఎక్కేసరికి అది బరువెక్కువైందని అరిచిందట. "బయట నిలబడ్డవాళ్ళందరూ నన్నే చూశారు పిల్లా. మూల నిలబడ్డ మగాళ్ళిద్దర్నీ ఒక్కరైనా చూడలేదు. బరువు ముగ్గురిదీ కాదూ?" అనేవారు. అప్పటినుంచీ మెట్లే. అంతస్తుకో చరణం చొప్పున ఏదో కీర్తన సన్నగా పాడుకుంటూ ఎక్కేవారు. మూడో చరణం వినిపించిందంటే మేము ఫోన్లు జేబుల్లో పెట్టేసి, గ్లోవ్స్ తొడుక్కుని, పొద్దుటినుంచీ పనిలో మునిగిపోయి ఉన్నవాళ్ళలా కనబడేవాళ్ళం. ఆవిడ లోపలికి వచ్చి, ఒకసారి అందరి మొహాలూ చూసి, "నటన బాగుంది. మొదలుపెట్టండి" అనేవారు.

మేడమ్ చాలా లావు. ఈ మాట రాయడానికి సంకోచం లేదు, ఎందుకంటే ఆవిడకే లేదు. నేను కొత్తలో ఎవరికో ఆవిడ గుర్తులు చెబుతూ "కొంచెం బొద్దుగ ఉంటరు" అన్నాను. లోపలినుంచి విన్నారు. బయటికొచ్చి, "కొంచెం ఏమిటే? అంత కష్టపడి పెంచుకున్నదాన్ని ఒక్క మాటలో తగ్గించేశావు. లావు అను. రెండక్షరాలు, పలకడానికి సులువు" అన్నారు. బస్సులో పక్కవాళ్ళతో, "జరగండమ్మా, నాకు సీటున్నర కావాలి, ఆ అర మీ దగ్గరే ఉంది" అనేవారట. కోపం ఒక్కచోటే వచ్చేది. మధ్యాహ్నం అన్నాల దగ్గర ఎవరైనా బరువు గురించి మాట్లాడితే టిఫిన్ క్యారేజీ మూత పెట్టేసేవారు. "తినేటప్పుడు తిండి గురించి మాట్లాడండి. కొవ్వు గురించి మాట్లాడటానికి జీతాలిస్తున్నారు కదా."

నిజంగానే ఇస్తున్నారు. మా విభాగంలో చేసే ముఖ్యమైన పరీక్ష లెప్టిన్‌ది. లెప్టిన్ అంటే మన ఒంట్లోని కొవ్వు తయారుచేసే హార్మోన్. కొవ్వు ఎక్కువ ఉన్నవాళ్ళలో ఎక్కువ, తక్కువ ఉన్నవాళ్ళలో తక్కువ ఉంటుంది. రక్తంలో కలిసి మెదడు దాకా వెళ్ళి, నిల్వ ఉంది, ఇక తినక్కర్లేదు అని చెప్పడం దాని పని. మేడమ్ దాన్ని చాలు హార్మోన్ అనేవారు.

"మరి మీకు శాన ఉండాలె కద మేడమ్?" అని ఒకరోజు అడిగేశాను. అడిగాక నాలుక కరుచుకున్నాను.

"బోలెడుంది. నా కొవ్వు పొద్దస్తమానం చాలు, చాలు అని అరుస్తూనే ఉంటుంది. మెదడుకే చెవుడు. రోజూ అరిచేవాళ్ళ మాట ఇంట్లో ఎవరు పట్టించుకుంటారు చెప్పు?"

ఆ బోలెడు లెప్టిన్‌ని ఆవిడ వృథా పోనిచ్చేవారు కాదు. పరీక్ష సరిగ్గా నడుస్తోందో లేదో తెలియాలంటే, ఫలితం మనకి ముందే తెలిసిన రక్తాన్ని కూడా ప్రతిసారీ పక్కన పెట్టి చూడాలి. కిట్టుతో వచ్చేవి ఉంటాయి, కానీ మేడమ్‌కి అవి చాలవు. ఎక్కువ రంగు రావలసినదానికి తన రక్తమే ఇచ్చేవారు. కోటు చెయ్యి పైకి మడిచి, "తియ్యి పిల్లా, గని తవ్వుకో" అని చెయ్యి చాపేవారు. తక్కువ రంగు రావలసినదానికి నా రక్తం. నేను అప్పటికీ ఇప్పటికీ సన్నగానే ఉంటాను. ఫ్రీజరులో మా ఇద్దరి సీరం గొట్టాల మీద ఆవిడ చేతిరాతతో లేబుళ్ళు ఉండేవి: కొండ, పుల్ల. సీరం అంటే రక్తాన్ని సెంట్రిఫ్యూజ్ యంత్రంలో గిర్రున తిప్పి, గడ్డను వేరుచేశాక పైన మిగిలే తేట.

పరీక్ష గురించి కొంచెం చెప్పాలి. అరచేయంత ప్లాస్టిక్ ప్లేటు, దాన్నిండా వరసలుగా చిన్న చిన్న గుంటలు. ప్రతి గుంట అడుగునా లెప్టిన్‌ని తప్ప మరిదేన్నీ పట్టుకోని యాంటీబాడీ అంటించి ఉంటుంది. అందులో సీరం చుక్క వేస్తాం. లెప్టిన్ ఉంటే అది పట్టుబడుతుంది. పట్టుబడనిదంతా కడిగేస్తాం. తర్వాత, రంగు పుట్టించే ఎంజైమును మోసుకొచ్చే రెండో యాంటీబాడీ వేస్తాం. పట్టుబడ్డ లెప్టిన్‌ని అది రెండో పక్కనుంచి పట్టుకుంటుంది. మళ్ళీ కడగడం. చివర్లో రంగుమందు పోస్తే లెప్టిన్ ఉన్న గుంట నీలంగా మారుతుంది, దాని మీద యాసిడ్ పడగానే పసుపవుతుంది. ఎంత పసుపో అంత లెప్టిన్. యంత్రం ఆ పసుపుని చదివి అంకె చెబుతుంది గానీ, మేడమ్ ముందు కంటితో చూసేవారు, కిటికీ దగ్గర ప్లేటుని వెలుతురుకి ఎత్తిపట్టి.

కడగడం దగ్గర ఆవిడ ఎవర్నీ నమ్మేవారు కాదు. "అంట్లు తోమినట్టు కాదే, బియ్యం కడిగినట్టు. గింజ జారకూడదు, కడుగు మిగలకూడదు." కడిగిన ప్లేటుని బోర్లించి, మడత పెట్టిన కాగితాల మీద దబదబా కొట్టేవారు. ఆ దెబ్బల్లో కూడా కీర్తన తాళం ఉండేది.

ఇక గట్టిగా చెప్పడం. ఇది మా ల్యాబులో తప్ప ఎక్కడా లేదు. కొనకి ప్లాస్టిక్ టిప్ తొడిగి, చుక్క కొలిచి వేసే పిపెట్‌తో గుంటలో సీరం వేస్తున్నప్పుడు, ఏ గుంటలో ఎవరిది వేస్తున్నామో నోటితో పైకి చెప్పాలి. పేర్లు పలకకూడదు కాబట్టి మనుషుల్ని వాళ్ళ పేటలతో చెప్పేవాళ్ళం. "బీ మూడు, బేగంపేట పెద్దాయన." బీ మూడు అంటే బీ వరసలో మూడో గుంట. గదిలో ఇంకో మూల ఏదో పనిలో ఉన్న మేడమ్ తలెత్తకుండానే, "విన్నాను" అనేవారు. ఆ మాట వచ్చాకే తర్వాతి గుంట. రాకపోతే చెయ్యి గాలిలోనే ఉండాలి.

"చెయ్యి పరధ్యానంగా కూడా పనిచేసేస్తుంది. నోరు అలా కాదు. చెబుతూ వేసిన చుక్క తప్పు గుంటలో పడదు" అనేవారు. కింది అంతస్తులో ఎక్స్‌రే వాళ్ళు, "మీ దగ్గర ఎల్‌కేజీ షురూ అయిందా?" అని ఎగతాళి చేసేవాళ్ళు.

నాకది ఎగతాళి కాదు, గండం. ఇంట్లోనే నా మాట రెండోసారి అడిగితే గానీ ఎవరికీ వినబడదు. కాలేజీలో అటెండెన్స్ పలకలేక ఆబ్సెంట్ వేయించుకున్నదాన్ని. కథల పుస్తకాల్లో మనుషులతో తప్ప బయట ఎవరితోనూ నాకు స్నేహం లేదు. చేరిన కొత్తలో గుంట పేరు చెప్పి నిలబడితే ఆ మూలనుంచి జవాబు వచ్చేది కాదు. మళ్ళీ చెప్పేదాన్ని. నిశ్శబ్దం. చెయ్యి నొప్పి పుట్టేది. ఒకరోజు ఏడుపొచ్చి కోపంగా, "సీ రెండు, పుల్ల!" అన్నాను. గది మారుమోగింది.

"విన్నాను" అన్నారు మేడమ్, కంప్యూటరులోంచి తలెత్తకుండా. "ఇంత గొంతు పెట్టుకుని ఇన్నాళ్ళూ పుస్తకంలో దాచావా?"

నా కోటు జేబులో నవల ఉంటుందని ఆవిడకి తెలుసని నాకు అప్పుడే తెలిసింది.

చిలకలగూడ పాప సీరం మా దగ్గరికి ఒక పిల్లల డాక్టరు పంపగా వచ్చింది. నాలుగేళ్ళు నిండని పిల్ల, తన వయసుకి ఉండవలసినదానికి రెండింతలకు పైగా బరువు. కాగితం మీద అంతే ఉంది. మామూలుగా అయితే గుంట ముదురు పసుపు కావాలి. నేను వేశాను, చెప్పాను, మేడమ్ విన్నారు. ప్రతి సీరం రెండు గుంటల్లో వేస్తాం కాబట్టి రెండుసార్లు చెప్పాను. సాయంత్రం యాసిడ్ పడ్డాక ప్లేటంతా పసుపు తిరిగింది. కొండ ఎప్పటిలా నిండు పసుపు, పుల్ల పలచన. ఆ రెండు గుంటలు మాత్రం మంచినీళ్ళలా ఉన్నాయి.

సార్ వచ్చారు. ల్యాబు ఆయనది. చెడ్డవారు కారు, తప్పు రిపోర్టు బయటికి పోతే ల్యాబు పేరు పోతుందని భయం, అంతే.

"గిదేంది? గంత లావున్న పిల్లకు లెప్టిన్ జీరో ఎట్లొస్తది? సీరం పడలే గుంటల" అన్నారు. నా వైపు తిరిగి, "ఏసినవా అమ్మా? టిప్‌ల గాలి గిట్ల పోయిందా?" అని అడిగారు.

వేశాను అనడానికి నోరు తెరిచాను. ఏమీ రాలేదు. అంత నమ్మకంగా ఒక పెద్దమనిషి నువ్వు చెయ్యలేదు అంటుంటే, చేశానో లేదో నాకే అనుమానం మొదలైంది.

"వేసింది సార్. విన్నాను" అన్నారు మేడమ్.

"చూసినరా?"

"లేదు. నేను సెంట్రిఫ్యూజ్ దగ్గరున్నాను. రెండుసార్లు చెప్పింది, రెండుసార్లు విన్నాను. ఈ పిల్ల వెయ్యకుండా చెప్పదు. చెప్పడమే దీనికి ప్రాణసంకటం, ఊరికే ఎందుకు చెబుతుంది?"

సార్ నవ్వారు. "వినుడు ప్రూఫ్ కాదు కద మేడమ్."

"కాదు. నేనూ ఒప్పుకుంటాను. అందుకే కొత్త రక్తం తెప్పించండి, రేపు మళ్ళీ చేద్దాం. గాలి పోయిందని మీ అనుమానం. నాకు ఇంకా రెండున్నాయి. లెప్టిన్ మరీ విపరీతంగా ఉంటే కూడా పరీక్ష మోసపోయి రంగు తగ్గుతుంది. ఆ సంగతి నీళ్ళు కలిపి పలచన చేసి చూస్తే తేలుతుంది. రెండోది, ఆ పిల్ల రక్తంలో మన యాంటీబాడీని చెడగొట్టేది ఏదైనా ఉందేమో. అది తేలాలంటే కొండని కలిపి చూడాలి. మూడూ చూసేద్దాం. అప్పుడు కూడా తెల్లగానే ఉంటే మటుకు మీరు సంతకం పెట్టాలి."

మర్నాడు పొద్దున్నే వాళ్ళు వచ్చారు. తల్లి, మేనత్త, పాప. రక్తం ఇవ్వాలని పాపకి ఇంకా ఏమీ పెట్టలేదు. అది ఏడుస్తున్న ఏడుపు మామూలు పిల్లల ఆకలి ఏడుపు కాదు. ఊపిరాడని మనిషి గాలి కోసం పెనుగులాడినట్టుంది. తల్లి చెంగుని అది నోట్లో పెట్టుకుని నములుతోంది. తల్లి మణికట్టు మీద పంటిగాట్లు కనబడ్డాయి.

మేనత్త మేమెవరమూ అడగకుండానే మొదలుపెట్టింది. "తినవెట్టి తినవెట్టి గిట్ల జేసింది. ఏడిస్తె చాలు, చేతుల ఏదో ఒకటి పెడతది. నా దగ్గరుంటె నెల రోజులల్ల సీదా చేస్త. సాయంత్రం బండికి కాజీపేట తీస్కవోతున్న. మా తమ్ముడు గూడ సరే అన్నడు."

తల్లి గొంతు తగ్గించి మేడమ్‌తో, "నేను గింతంతనే పెడత మేడమ్. వంటింటికి తాళం ఏసుకుంట. పక్కింటోళ్ళ బియ్యం డబ్బాల చెయ్యి వెట్టి పచ్చి బియ్యం బుక్కుతది. ఎవ్వరు నమ్ముతలేరు. అక్కడికి తీస్కపోతె కడుపు మాడుస్తరు. నా బిడ్డ సచ్చిపోతది" అన్నది.

"ఏందీ, మేము సంపుతమా?" అన్నది మేనత్త.

మేడమ్ వాళ్ళిద్దరి మధ్యలోకి వచ్చారు. పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నారు. రక్తం తీయడం అయ్యాక తన క్యారేజీ తెరిచి ఇడ్లీలు ముందు పెట్టారు. పాప రెండు చేతులతో తిన్నది. మేనత్త చెయ్యి చాపి గిన్నె లాగబోయింది. మేడమ్ ఆ చేతిని పట్టుకుని కిందికి దించారు.

"ఇది నా గిన్నెమ్మా. ఈ పిల్ల నా దగ్గర తింటోంది, వాళ్ళమ్మ దగ్గర కాదు. మీ బండి సాయంత్రం కదా. నాలుగింటి దాకా ఇక్కడే కూర్చోండి."

"ఏముంటది నాలుగింటికి?"

"ఏముంటుందో నాకూ తెలీదు. తెలిస్తే మిమ్మల్ని కూర్చోమనేదాన్ని కాదు."

ఆ రోజు మేడమ్ విచిత్రమైన పని ఒకటి చేశారు. సార్‌ని పిలిచి, తను ఎప్పుడూ ఉండే మూల స్టూలు వేసి కూర్చోబెట్టారు. "ఈవేళ వినేది మీరు" అన్నారు. తను వెళ్ళి నా పక్కన నిలబడ్డారు, చేతులు కట్టుకుని. ఏమీ ముట్టుకోలేదు.

నేను మొదలుపెట్టాను. "ఏ మూడు, కొండ."

"ఊఁ" అన్నారు సార్.

నా చెయ్యి గాలిలో ఆగింది. మేడమ్ సార్ వైపు చూశారు. "ఊఁ కాదు సార్. ఆ మాట రాకపోతే ఈ పిల్ల సాయంత్రం దాకా అట్లాగే నిలబడుతుంది. చాలా మొండిది."

"విన్న, విన్న" అన్నారు సార్. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే తర్వాతి గుంటకి వెళ్ళాను.

చిలకలగూడ పాప, ఉన్నదున్నట్టు. విన్న. చిలకలగూడ పాప, పలచన చేసింది. విన్న. చిలకలగూడ పాప సగం, కొండ సగం. ఇక్కడ సార్ స్టూలు మీంచి లేచి దగ్గరికి వచ్చారు. సీరం టిప్‌లోకి ఎక్కడం, గుంటలోకి దిగడం వంగి చూశారు. "విన్న. చూసిన గూడ" అన్నారు.

తర్వాతిదంతా ఎదురుచూడటం. గంటల తరబడి ప్లేటు వణుకుడు యంత్రం మీద మెల్లగా ఊగుతుంటుంది, మనం చెయ్యగలిగింది ఏమీ ఉండదు. కడగడం వచ్చినప్పుడు మాత్రం మేడమ్ ప్లేటుని నా చేతిలోంచి తీసుకోలేదు. "నువ్వే కడుగు" అన్నారు. బియ్యం కడిగినట్టు కడిగాను. బోర్లించి కాగితాల మీద కొడుతుంటే, నాకు తెలియకుండానే ఆవిడ తాళమే పడింది. బయట బెంచీ మీద పాప తల్లి ఒళ్ళో నిద్రపోయింది. మేనత్త మాటిమాటికీ ఫోన్లో టైము చూసుకుంటోంది.

రంగుమందు పోశాను. కొండ ముందు నీలం తిరిగింది, అదెప్పుడూ అంతే, తొందర ఎక్కువ. పుల్ల నిదానంగా. సగం కొండ కలిపిన గుంటలు కూడా నీలమయ్యాయి. యాసిడ్ వేశాను. అన్నీ పసుపు. మేడమ్ ప్లేటుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఎత్తిపట్టారు. సార్ ఒక పక్క, నేను ఒక పక్క.

కొండ కలిపిన గుంటల్లో కొండకి సరిగ్గా సగం పసుపు ఉంది. అంటే పాప రక్తం పరీక్షని చెడగొట్టడం లేదు, కొండ లెప్టిన్ ఆ సీరంలో కూడా శుభ్రంగా పట్టుబడింది. పలచన చేసిన గుంటల్లో రంగు లేదు. అంటే విపరీతంగా ఉండి మోసం చేయడం కూడా కాదు. ఇక ఉన్నదున్నట్టు వేసిన గుంటలు. మంచినీళ్ళు.

యంత్రం కూడా అదే చెప్పింది. ఆ పాప ఒంట్లో లెప్టిన్ పరీక్షకి అందేంత కూడా లేదు. పుల్లలో ఉన్నపాటి కూడా లేదు. అంత కొవ్వు ఉండి, చాలు అని చెప్పడానికి దానికి నోరే లేదు. పాప పుట్టిన దగ్గర్నుంచీ మెదడు ఆ మాట ఒక్కసారి కూడా వినలేదు. అందుకే ఆ పిల్లకి ప్రతి పూటా కరువే.

సార్ ఆ అంకెని మళ్ళీ ఒకసారి చదివారు. తర్వాత నా తల మీద చెయ్యి పెట్టి, "నిన్న గూడ ఏసినవ్ బిడ్డా" అన్నారు.

"వేసిన సార్" అన్నాను. గట్టిగానే వచ్చింది.

రిపోర్టు సంగతి మేము విడమర్చి చెప్పకూడదు, అది డాక్టరు పని. మేడమ్ ఆయనకి ఫోన్ చేశారు. ఆయన రెండుసార్లు అంకె అడిగి, రెండోసారి దాదాపు అరిచారు. ఇవతలి గదిలోకి వినిపించింది. జన్యు పరీక్ష కూడా చేసి రూఢి చేసుకోవాలని, కానీ ఇది నిజమైతే మందు ఉందని, లేని లెప్టిన్‌ని సూదిమందుగా ఇస్తారని చెప్పారు. పిల్లని ఊరు పంపొద్దని వాళ్ళకి ఇప్పుడే చెప్పమన్నారు. "ప్లేటు చూపించమంటారా?" అని మేడమ్ అడిగారు. "తప్పకుండా చూపించండి" అన్నారు ఆయన.

మేడమ్ తల్లినీ మేనత్తనీ లోపలికి పిలిచి ప్లేటు నా చేతిలో పెట్టారు. "చెప్పు" అన్నారు.

"నేనా?"

"వేసింది నువ్వు. చెప్పాల్సింది నువ్వు."

నేను చెప్పాను. గుంట మీద వేలు పెట్టి, ఇన్నాళ్ళు పలికినట్టే పలికాను. "ఇది మేడమ్ రక్తం. ఇగ ఇది నాది. తినుడు చాలు అని మనిషికి చెప్పే మందు ఒంట్లనే తయారైతది. ఆ మందు ఎంతుంటె అంత పసుపు. నేను గింత సన్నగున్న కద, నాకు సుత ఉన్నది, చూడుండ్రి. ఇది పాపది."

తల్లి వంగి చూసింది. "నీళ్ళే కద?"

"నీళ్ళు కాదక్కా. పాప రక్తమే. అండ్ల ఆ మందు లేదు. పుట్టుకతోటే లేదు. నువ్వు ఎక్కువ పెడితె రాలేదిది. తక్కువ పెడితె పోదు."

మేనత్త ప్లేటు చూసింది, మేడమ్‌ని చూసింది, నన్ను చూసింది. "అంటె... దానికి ఆకలి నిజంగనే అయితదా?" అన్నది.

"నిజంగనే అయితది."

ఆమె బెంచీ దగ్గరికి వెళ్ళి నిద్రపోతున్న పాపని చూస్తూ నిలబడింది. కాసేపటికి బ్యాగులోంచి బండి కోసం కొన్న బిస్కెట్ల ప్యాకెట్టు తీసి తమ్ముడి పెళ్ళాం చేతిలో పెట్టింది. ఇన్నేళ్ళలో ఆమె చెప్పిన క్షమాపణ అదే అయ్యుంటుంది. తల్లి ఏడవలేదు. మేడమ్ చెయ్యి పట్టుకుని, "నేను చెప్పిన కద, నేను చెప్పిన కద" అని అదే మాట అంటూ ఉండిపోయింది.

"చెప్పావమ్మా. ఇప్పుడు అందరూ విన్నారు" అన్నారు మేడమ్.

వాళ్ళు వెళ్ళాక ఆవిడ కుర్చీలో వాలి, తన చేతిని తనే తట్టుకున్నారు, సీరం కోసం పొడిచే చోట. "చూశావా పిల్లా, ఇడ్లీలు, పులిహోరలు, కజ్జికాయలు. ఎంతమంది తగ్గించుకోమన్నారు ఈ కొవ్వుని. ఈవేళ సాక్ష్యం చెప్పింది" అన్నారు. ఆ సాయంత్రం మెట్లు దిగుతూ ఆవిడ సన్నగా పాడలేదు. నిండుగా, చర్చిలో పాడినట్టు పాడారు. పంపుల దుకాణం వాళ్ళు బయటికొచ్చి తలలెత్తి చూశారు.

జన్యు పరీక్షలోనూ అదే తేలింది. ఆ మందు ఇక్కడ మామూలు దుకాణాల్లో దొరికేది కాదు. డాక్టరు ఎవరెవరికో రాశారు, మళ్ళీ మళ్ళీ రాశారు. చాలా నెలలు పట్టింది. చివరికి వచ్చింది. ఈ మధ్యలో పాప కాజీపేట వెళ్ళలేదు. మేనత్తే చిలకలగూడ వచ్చి వెళ్ళేదట.

సూదులు మొదలైన కొన్ని వారాలకి తల్లి పాపని తీసుకుని మా ల్యాబుకి వచ్చింది. పరీక్ష కోసం కాదు, ఊరికే, చూపించడానికి. పాప లావు అప్పటికి పెద్దగా తగ్గలేదు. కానీ మొహం వేరేగా ఉంది. గదిలో ఉన్న బొమ్మలు, కిటికీ బయట పావురాలు, మేడమ్ కళ్ళజోడు, అన్నీ ఒక్కొక్కటిగా చూస్తోంది. అంతకుముందు ఆ కళ్ళు తినేదాని కోసం తప్ప దేనికోసమూ వెతకలేదు.

మేడమ్ పాపని బయటి గదిలో బెంచీ మీద కూర్చోబెట్టి, సందు చివరి బేకరీ నుంచి తెప్పించిన దిల్‌ఖుష్ ముక్క చేతికిచ్చారు. లోపల కొబ్బరీ టూటీ ఫ్రూటీ ఉండే త్రికోణం ముక్క. పాప కొరికింది. నమిలింది. ఇంకోసారి కొరికింది. తల్లి పాప చేతినే చూస్తోంది. ఆమె ఇది ఇంట్లో చూసే ఉంటుంది, అయినా ప్రతిసారీ మొదటిసారే అయ్యుంటుంది. పాప పావురాల వైపు చూసింది. తర్వాత చేతిలో మిగిలిన ముక్క వైపు చూసింది. దాన్ని తెచ్చి మేడమ్ అరచేతిలో పెట్టింది.

"చాలు" అన్నది. చిన్న గొంతు, ఒకప్పటి నా గొంతంత.

మేడమ్ ఆ సగం ముక్కని కిటికీ వైపు ఎత్తిపట్టి, ప్లేటుని చూసినట్టే, వెలుతురులో చాలాసేపు చూశారు. తర్వాత పాప దగ్గరికి వంగారు.

"విన్నాను" అన్నారు.